కొత్త వీ-క్రాస్ తొట్టికి స్ప్రే లైనర్: 11 వేలదా, 32 వేలదా?

పాకాల_మామిడి:
అన్నలందరికీ నమస్తే. పోయిన నెల ఇసుజు వీ-క్రాస్ పికప్ తీసుకున్నాం, మన శ్రీసిటీలో తయారయ్యే బండి అని చెప్తే మా నాయన కూడా రొంత మెత్తబడినాడు, లేకుంటే ఆయన కంటికి పికప్ అంటే బొలెరో తప్ప ఇంకోటి కనబడదు. సొంతానికే తీసుకున్నా గానీ తోట పని అంతా దాంట్లోనే, సీజన్‌లో బెంగళూర మామిడికాయ ట్రేలు దామలచెరువు మార్కెట్‌కి, వచ్చేటప్పుడు యూరియా మూటలు, పొద్దన పాల క్యాన్లు రెండు, ఎప్పుడన్నా పేడ ఎరువు కూడా.

సంగతేందంటే మొన్న మా బామ్మర్ది నిండు పాల క్యాన్‌ని ఎత్తకుండా తొట్టిలో ఈడ్చినాడు. జానెడు గీత, లోపల రేకు తెల్లగా కనిపిస్తా ఉండాది. బండికి ఇంకా మొదటి సర్వీసు కూడా కాలేదు. ఆయన్ని ఏమన్నా అంటే ఇంట్లో గొడవ, అనకుంటే నాకు నిద్ర పట్టదు.

అందుకని తొట్టి మొత్తానికి స్ప్రే లైనర్, అంటే గీతలు పడకుండా పెయింట్ మాదిరి కొట్టే మందం పూత, కొట్టించాలనుకుంటున్నా. తిరుపతిలో ఒక పెయింట్ షాపాయన 11 వేలు అన్నాడు, రాప్టర్ బ్రాండు లైనర్ మాదిరిదే సార్, సాయంత్రం బండి తీసుకోని పోవచ్చు అన్నాడు. చెన్నై సైడు ఒకరు మిషన్ కోటింగ్ అని 32 వేలు చెప్పినారు, బండి రెండు రోజులు వదిలిపెట్టాల. యాక్సెసరీస్ షాపులో ఇంకొకాయన ఈ తలనొప్పి అంతా ఎందుకు, ప్లాస్టిక్ లైనర్ అచ్చు పోసినట్టు కూర్చుంటుంది, గంటలో పెట్టిస్తా అంటాడు. మూడింట్లో ఏది నిలబడుతుంది? ఇంకోటి, కొత్త బండికి పెయింట్ ఆరేదానికి నెల రోజులు ఆగాల అని ఎవరో అన్నారు, అది నిజమా?

పలమనేరు_పాలబండి:
ప్లాస్టిక్ తొట్టి మాత్రం వద్దు బ్రో. నా పాత బండికి పెట్టించి మూడేండ్లు దాన్ని తీసిందే లేదు. పైన చూస్తే కొత్తది మాదిరే ఉండింది. బండి అమ్మేటప్పుడు ఎత్తి చూస్తే కింద ఎర్రమట్టి, వాననీళ్లు కలిసి గంధం మాదిరి పేస్టు అయిపోయింది, బండి అదిరేకొద్దీ ఆ ప్లాస్టిక్ దాని మీద రుద్దుకుంటానే ఉంటుంది కదా, మూడేండ్లు ఎమరీ పేపర్ పెట్టి గీకినట్టు మూలల్లో పెయింటే లేదు, రెండు చోట్ల తుప్పు బొక్కలు. పైగా అది జారుడుబండ. క్యాన్లు తాడేసి కట్టకుంటే బ్రేకు కొట్టినప్పుడల్లా ముందుకొచ్చి క్యాబిన్‌ని గుద్దేవి. కొనే ఆయన ఆ బొక్కలు చూపించి 15 వేలు తగ్గించినాడు.

ఆటోనగర్_పెయింటర్:
ఇరవై ఏండ్లుగా ఈ పనిలోనే ఉండాను కాబట్టి రొంత పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ నెల రోజుల మాట. అది మా అట్లాంటి వాళ్లు బయట రీపెయింట్ చేసిన బండికి. కంపెనీలో పెయింటు ఓవెన్‌లో కాల్చి బయటికి పంపిస్తారు, షోరూమ్‌కి వచ్చేటప్పటికే పూర్తిగా గట్టిపడి ఉంటుంది. కాబట్టి మీరు రేపే కొట్టించుకోవచ్చు. అసలు కొత్త బండికే చేయించుకోవాల, పాతదైతే తుప్పు గీకేదానికే ఒక రోజు పోతుంది.

ఇంగ అసలు సంగతి. అందరూ ఏ బ్రాండు, ఏ బ్రాండు అంటారు. లైనర్ ఊడిపోయిన బండ్లు నా దగ్గరికి శానా వచ్చినాయి, గోరు పెట్టి లాగితే అట్టు మాదిరి లేచొస్తుంది, దాన్ని తిప్పి చూస్తే వెనకపక్క నున్నగా అద్దం మాదిరి మెరుస్తా ఉంటుంది. అంటే ఏంది? కింద పెయింట్‌ని గీకనే లేదు. కంపెనీ పెయింట్ నున్నగా ఉంటుంది, దాని మీద ఏది కొట్టినా పట్టు దొరకదు. మొత్తం సబ్బునీళ్లతో కడిగి, తర్వాత గ్రీజు పోయే సాల్వెంట్‌తో తుడిచి, అప్పుడు ఎమరీతో మెరుపు మొత్తం చచ్చిపోయేదాకా రుద్దాల, మళ్లీ దుమ్ము తుడవాల. తుడవకుండా ముందే రుద్దినారంటే ఆ మైనాన్ని, పాలిష్‌ని గీతల్లోకి ఎక్కించినట్టే. వేళ్లు పట్టని మూలలు, గాడుల అంచులు, కొక్కేల చుట్టూ ఎర్ర స్కాచ్‌బ్రైట్‌తో చేత్తోనే చెయ్యాల. పని మొత్తంలో స్ప్రే కొట్టేది అరగంటే, మిగతాదంతా ఈ రుద్దుడే. సాయంత్రానికి బండి ఇచ్చేస్తా అన్నాడంటే ఈ రుద్దుడు ఎగ్గొడతాడని అర్థం.

మీ బామ్మర్ది గీసిన గీత ఉండాదే, అక్కడ రేకు బయటపడింది కాబట్టి ఆ జాగాలో ముందు ఎపాక్సీ ప్రైమర్ పెట్టాల. ఉత్త రేకు మీద డైరెక్టుగా లైనర్ కొడితే కింద తుప్పు పాకుతానే ఉంటుంది, పైకి కనబడదు.

తాడు కట్టే కొక్కేలు, బోల్టులు, వెనక డోరు పట్టీలు విప్పించి కొట్టించండి. విప్పకుండా మీదే కొడితే రేపు ఆ బోల్టుకి పానా కూడా పట్టదు. నీళ్లు పోయే బొక్కలు మూసేస్తారు కొందరు మహానుభావులు, అవి తెరిచి ఉన్నాయా లేదా అని బకెట్టు నీళ్లు పోసి చూసుకోని దుడ్లు ఇవ్వండి.

ఒక మాట మాత్రం ముందే చెప్తున్నా. ఒకసారి కొట్టినాక తీసేది లేదు. రేపు ఎవరన్నా వెనక గుద్ది సొట్ట పడితే టింకరింగ్ వాడు తిట్టుకుంటాడు, గ్రైండర్ పెట్టి గీకాల. దాని మీదనే గ్యాస్ మంట పెడితే వచ్చే పొగ విషం, దగ్గర నిలబడేది కాదు.

రేణిగుంట_రోడ్డు:
పెయింటర్ అన్న చెప్పింది కరెక్టు, నేను లెక్క చెప్తా. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు మందం రావాలంటే సరిగ్గా ఒక లీటరు మెటీరియల్ కావాల. ఇది ఎవరూ మార్చలేరు.

మీ తొట్టి టేపు పెట్టి కొలుచుకోండి, సుమారు 5 అడుగుల పొడుగు, 5 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు అనుకుందాం. కింద 25 చదరపు అడుగులు, నాలుగు పక్కలా కలిపి 30, మొత్తం 55, కింద గాడులు ఎత్తుపల్లాలు ఉంటాయి కాబట్టి 60 వేసుకోండి. అంటే ఐదున్నర చదరపు మీటర్లు పైచిలుకు. మిషన్‌తో కొట్టే అసలు లైనర్ 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటుంది. రెండున్నర వేసుకుంటే 14 లీటర్లు. వేస్టేజీ వేరే. బరువు 15 కిలోలు ఆ చుట్టుపక్కల, ఒక ట్రే కాయలంత కూడా లేదు, దాని గురించి దిగులు అక్కర్లేదు.

ఇప్పుడు రాప్టర్ కిట్టు చూడండి. నాలుగు సీసాలు వస్తాయి, ఒక్కో సీసాలో ముప్పావు లీటరు ఉంటుంది, పావు లీటరు హార్డెనర్ పోసి ఊపాల, మూడుకి ఒకటి. మొత్తం 4 లీటర్లు. మీ తొట్టికి రెండు పూతలకి సరిగ్గా సరిపోతుంది గానీ మందం తడిగా ఉన్నప్పుడే 0.7 మిల్లీమీటరు, అందులో సాల్వెంట్ ఎగిరిపోతే ఇంకా తగ్గుతుంది. అది చెడ్డ సరుకని నేను అనడం లేదు, దాని పని అది బాగానే చేస్తుంది, గీతలు ఆపుతుంది, చూసేదానికి బాగుంటుంది. కానీ దాన్ని 2.5 మిల్లీమీటర్ల దాంతో పోల్చి ఇది చీప్, అది కాస్ట్లీ అనడం తప్పు, రెండూ వేరే వేరే సరుకులు. మామూలు పెయింట్ షాపు కంప్రెసర్‌తో, 40 నుంచి 60 పీఎస్ఐ గాలితో కొట్టొచ్చు దాన్ని. రైనో లైనింగ్స్ 1988లో, లైన్-ఎక్స్ 1993లో అమెరికాలో మొదలైన లైనర్ కంపెనీలు, వాళ్ల పేరు నిలబడింది ఈ మందం లైనర్‌తోనే. అందులో పాలీయూరియా రకం అయితే రెండు డ్రమ్ముల్లోంచి రెండు పైపులు, వేడి చేసి, వెయ్యి పీఎస్ఐ దాటిన ప్రెషర్‌తో గన్ మూతి దగ్గరే కలిసి బయటికి వస్తాయి, తొట్టికి తగిలిన కొన్ని సెకండ్లకే గట్టిపడుతుంది. కాబట్టి ఎవరన్నా మామూలు కప్పు గన్ చేత్తో పట్టుకోని మాది పాలీయూరియా సార్ అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

షాపులో మీరు అడగాల్సింది ఒకటే, ఎన్ని లీటర్లు పోస్తావన్నా అని.

పాకాల_మామిడి:
రేణిగుంట అన్నా, నిన్న పోయి అదే అడిగినా. 11 వేలాయన నవ్వినాడు. "రెండు లీటర్లు తెప్పిస్తా సార్, మిగిలితే ముందు బంపర్ కింద కూడా కొట్టిస్తా, దానికి దుడ్లు వద్దులే" అన్నాడు. మిగులుతుందంట!

మిషన్ వాళ్లకి ఫోన్ చేస్తే ముందు తడబడినాడు, ఇంత మంది కస్టమర్లలో ఎవరూ అడగలేదు సార్ అన్నాడు, తర్వాత వాళ్ల ఓనర్‌ని అడిగి 15 నుంచి 16 కిలోలు పడుతుంది అని చెప్పినాడు. మీ లెక్కకి కరెక్టుగా వచ్చింది. కొట్టేటప్పుడు నేను పక్కనే నిలబడి చూస్తా అంటే లోపలికి రానియ్యం, అద్దంలోంచి చూసుకో అన్నాడు. అది నాకు రొంత అనుమానంగా ఉండాది, ఏమి దాస్తున్నారు?

శ్రీసిటీ_షిఫ్టు:
దాచడం కాదు తమ్ముడూ, మంచి షాపని దానికి అదే గుర్తు. నేను కోటింగ్ సెక్షన్‌లో పని చేస్తా. ఆ రెండు డ్రమ్ముల్లో ఒకదాంట్లో ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది, గట్టిపడినాక ఏమీ చెయ్యదు, కానీ కొట్టేటప్పుడు లేచే తుంపర పీలిస్తే ఊపిరితిత్తులు పోతాయి. ఆస్తమా వస్తుంది. ఒకసారి ఒంటికి అది పడని అలవాటు మొదలైతే తర్వాత కొంచెం వాసన తగిలినా ఆయాసం, అది మళ్లీ వెనక్కి పోదు. మొహానికి కర్చీఫ్ కట్టుకోని, కరోనా నాటి గుడ్డ మాస్కు పెట్టుకోని కొట్టే వాళ్లని ఊళ్లల్లో చూస్తుంటే గుండె గుబేలుమంటుంది. మా దగ్గర బయటి గాలి పైపు ఉన్న మాస్కు లేకుండా బూత్ లోపలికి పోనియ్యరు. మీరు కిట్టు తెప్పించుకోని ఇంటి దగ్గరే కొట్టుకుందాం అనే ఆలోచన ఉంటే ఈ మాట ముందు గుర్తు పెట్టుకోండి, కిట్ రకం హార్డెనర్‌లో కూడా ఉండేది ఆ జాతిదే. పిల్లలు, ఆవులు ఉండే షెడ్డులో అస్సలు వద్దు.

ఇంకో రెండు విషయాలు. ఈ సరుకుకి తేమ పడదు. తేమ తగిలితే ఐసోసైనేట్ నీళ్లతో కలిసి గ్యాస్ పుడుతుంది, లోపల బుడగలు వస్తాయి, పైకి దోశ మాదిరి చిల్లులు చిల్లులు. మనకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఆ నెలల్లో పెట్టుకోవద్దు, 2021 నవంబర్ గుర్తుంది కదా తిరుపతి మొత్తం చెరువైంది. ఇప్పుడే కానియ్యండి, కానీ కడిగిన తొట్టి గాడుల్లో నీళ్లు పూర్తిగా ఆరినాయా లేదా చూసుకోవాల.

రెండోది ఎండ. నల్ల లైనర్లు ఎక్కువ శాతం అరోమాటిక్ అనే రకం, గట్టితనంలో తేడా ఏమీ లేదు గానీ మన ఎండకి ఒక ఏడాది రెండేండ్లలో నలుపు పోయి బూడిద పూసినట్టు అవుతుంది. రంగు నిలబడాలంటే పైన అలిఫాటిక్ టాప్ కోటు వెయ్యమనాల, దానికి దుడ్లు వేరే. నన్నడిగితే పేడ ఎరువు తోలే బండికి అది దండగ.

చంద్రగిరి_తాత:
నా వయసు అరవై దాటింది, ఇప్పటికి నాలుగు పికప్‌లు అరగదీసినా. తొట్టి ఉండేది గీతలు పడేదానికే నాయనా. 32 వేలంటే ఒక మంచి దూడ వస్తుంది.

నేను చేసేది చెప్తా. ఆవుల కింద వేసే రబ్బరు మ్యాట్ ఉంటుంది కదా, డెయిరీ వాళ్ల దగ్గర దొరుకుతుంది, అదొకటి తెచ్చి తొట్టి సైజుకి కత్తితో కోసి పరిచేస్తా. క్యాను ఈడ్చినా, ఎత్తేసినా దానికి ఏమీ కాదు, ట్రేలు జారవు. నెలకొకసారి ఎత్తి కింద కడిగి ఎండబెట్టాల, అది మాత్రం మర్చిపోకూడదు, మర్చిపోతే పలమనేరు అబ్బాయి ప్లాస్టిక్ గతే దీనికీ పడుతుంది. గీత పడిన చోట జింక్ ప్రైమర్ పట్టించి పైన పెయింట్ తాకిస్తే చాలు. ఎవరన్నా చెకర్ షీటు వేయించుకో అంటారు, అల్యూమినియం షీటు స్టీల్ తొట్టి మీద స్క్రూలు కొట్టి బిగిస్తారు, నీళ్లు చేరితే ఆ రెండు లోహాలకీ పడదు, స్క్రూ బొక్క దగ్గర నుంచే తినేస్తుంది. నా రెండో బండి అట్లనే పోయింది.

ఆటోనగర్_పెయింటర్:
తాతా, మ్యాట్ మాట ఒప్పుకుంటా. కిందిభాగానికి దాన్ని మించింది లేదు. కానీ పక్కల సంగతేంది? ట్రేల మూలలు తగిలేది పక్కలకి, చక్రం పైన ఉబ్బెత్తుకి, వెనక డోరు అంచుకి. ఇంకా ఈయన యూరియా తోలుతున్నాడు. మూట చిరిగి రాలిన యూరియా గాడుల్లో పడి, రాత్రి మంచుకి కరిగిందంటే ఇనుముకి మంచిది కాదు, మ్యాట్ కిందికి కూడా అది దూరుతుంది. ఏడాదికి నాలుగు మూటలు తోలే వాళ్లకైతే మీ మాటే నా మాట.

పాకాల తమ్ముడూ, ఇంకోటి అడగండి, మెత్తదా గట్టిదా అని. మెత్త పాలీయూరిథేన్ రకం అయితే రబ్బరు మాదిరి పట్టు ఉంటుంది, ట్రేలు కదలవు, కానీ అంచు పదునైనది ఈడిస్తే కోసుకుంటుంది. గట్టి పాలీయూరియా కోసుకోదు గానీ ప్లాస్టిక్ ట్రేలు దాని మీద రొంత జారతాయి. పాల క్యాను కింది రింగు మీ బండికి మెయిన్ శత్రువు కాబట్టి గట్టిది కొట్టించి, తాత చెప్పిన మ్యాట్ దాని మీద పరచండి. గరుకు మరీ పెద్దది వద్దు, మామిడి సొన, ఎర్రమట్టి ఆ గరుకులో ఇరుక్కుంటే బ్రష్ పెట్టి రుద్దినా రాదు, ప్రెషర్ వాష్ పెట్టాల. సన్న గరుకు చెప్పండి.

పలమనేరు_పాలబండి:
షోరూమ్ వాళ్లని కూడా ఒక మాట అడుగు బ్రో, తొట్టి పెయింటు వారంటీకి దీనివల్ల ఏమన్నా తేడా వస్తుందా అని, నోటితో కాదు, మెయిల్‌లో రాయించుకో. నోటి మాటలు సర్వీస్ అడ్వైజర్ మారేదాకే.

పాకాల_మామిడి:
రొంత లేటైంది, కాయలు కోస్తా ఉన్నాం. షోరూమ్‌కి మెయిల్ పెట్టినా, ఇంకా జవాబు రాలేదు.

ఈ లోపల ఒక పని చేసినా. టింకరింగ్ షాపులో పాత బానెట్ రేకు ఒకటి అడిగి, కోయించి రెండు ముక్కలు చేసి చెరొక షాపుకి పంపించినా, మీరు తొట్టికి కొట్టే మాదిరే కొట్టి ఇవ్వండి అని. 11 వేలాయన అదే రోజు ఇచ్చినాడు. మిషన్ వాళ్లు నాలుగు రోజులు పెట్టుకోని, వేరే బండికి కొట్టేటప్పుడు దీనికీ కొట్టి బస్సులో వేసినారు. రెండింటినీ ఆవుల షెడ్డు కప్పు మీద పది రోజులు ఎండకి పడేసి, తర్వాత నిండు 40 లీటర్ల క్యాను నడుము ఎత్తు నుంచి రింగు తగిలేటట్టు వేసినాం. నేను కాదు, మా బామ్మర్దితోనే వేయించినా, ఆయనకి అది బాగా వచ్చు.

చవకది రింగు తగిలిన చోట అర్ధచంద్రం మాదిరి ఎగిరిపోయింది. అంచు పట్టుకోని గోరుతో లాగితే బొటనవేలంత పెచ్చు వచ్చింది, తిప్పి చూసినా అన్నా, పెయింటర్ అన్న చెప్పినట్టే వెనక నున్నగా మెరుస్తా ఉండాది. రెండో దాని మీద మచ్చ మాత్రమే పడింది. ఉలి పెట్టి కొట్టినా, రేకు వంగింది గానీ లైనర్ లేవలేదు.

ఒక వెయ్యి అడ్వాన్స్ ఇచ్చేసినా. ఆడి కృత్తిక పండగ అయినంక డేట్ ఇచ్చినారు, కొక్కేలు విప్పేది నేనే ఇంటి దగ్గర విప్పుకోని పోతా, గట్టిది, సన్న గరుకు, టాప్ కోటు వద్దు అని రాయించినా, 15 కిలోలు అని కూడా బిల్లు మీద రాయించినా. మా నాయనకి ఇంకా 32 అని చెప్పలేదు, 20 అని చెప్పినా. తాత రాసింది చదివి వినిపిస్తే మాత్రం శానా సంతోషపడినాడు, పొద్దన లేచి చూస్తే షెడ్డులో నుంచి ఆవు కింద మ్యాట్ ఒకటి లాగి, కడిగి, తొట్టిలో పరిచేసినాడు. ఆ ఆవు ఇప్పుడు గచ్చు మీద నిలబడి ఉండాది.

చంద్రగిరి_తాత:
ఆ ఆవుకి ఇంకోటి కొనండి నాయనా.